కాముని కట్టెలు, చంపే హక్కు

మా సాతంరాయిలో నన్ను అందరూ వకీలు సాబ్ అంటారు. నేను వకీలును కాను. సాయంత్రపు కాలేజీలో రెండేళ్లు లా చదివి, మూడో ఏడు మానేసినవాణ్ణి. మానేసిన సంగతి నా కాళ్లకు తెలుసు, అవి మళ్లీ ఆ కాలేజీ వైపు పోలేదు. నోటికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది ఇప్పటికీ ప్రాక్టీసు చేస్తూనే ఉంది.

నా కోర్టు హైవే పక్కన వీరేందర్ హోటల్. బండికి చలాను పడినా, పక్కింటివాడు గోడ జరిపి కట్టినా, కిరాయిదారు ఖాళీ చేయనన్నా ముందు నా దగ్గరికే వస్తారు. ఆ తర్వాత అసలు వకీలు దగ్గరికి పోయి, నేను చెప్పింది ఎంత తప్పో తెలుసుకుంటారు. అయినా మళ్లీ వస్తారు. ఎందుకంటే నేను ఫీజు అడగను, పైగా టీ నేనే చెప్తాను. నాకు వేరే పని లేదు. పొలం పోయింది. పొలం పోగా మిగిలిన జాగాలో రేకుల గదులు లేచాయి. గదుల్లో ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలు కిరాయికి ఉంటారు. నెల మొదట్లో తలుపులు కొట్టి కిరాయి అడగడం తప్ప నా చేతులకు పని లేదు కాబట్టి, సంసారం భారమంతా నోటి మీద పడింది.

చట్టంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆత్మరక్షణ హక్కు. పాత శిక్షాస్మృతిలో తొంభై ఆరు నుంచి నూట ఆరు దాకా సెక్షన్లు. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేవాణ్ణి. నాకు పూర్తిగా కంఠతా వచ్చాక సర్కారు చట్టమే మార్చేసి, అదే సరుకును ముప్పై నాలుగు నుంచి నలభై నాలుగులోకి సర్దింది. నా మీద పగతోనే మార్చిందని మా ఆవిడ శోభ అంటుంది. ఆ సెక్షన్లలో నేను రోజూ తలచుకునేది ఒకే ముక్క: కొన్ని సందర్భాలలో ఎదుటివాడి ప్రాణం తీసినా నేరం కాదు. చదువు సగంలో ఆపినవాడికి, పొలం పోగొట్టుకున్నవాడికి, ఇంట్లో కూడా మాట చెల్లనివాడికి ఇలాంటి హక్కు ఒకటి ఉందని తెలిస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో చెప్పలేను. దాన్ని వాడే అవకాశం రావడం లేదనేదొక్కటే నా బాధ.

మా అన్న అనంతయ్య ఇల్లు మాకు రెండు సందుల అవతల. మా ఇద్దరికీ నాలుగేళ్లుగా మాటలు లేవు. మా తాతల నాటి ఇల్లు పంచుకునేటప్పుడు నడవ ఎవరిదనే మాట వచ్చింది. అన్నదమ్ములు కాసేపు అరుచుకుని, ఒక పూట అన్నం మానేసి సర్దుకునే తగాదా అది. నేను అరవలేదు. లీగల్ నోటీసు పంపించాను. అన్నకు చదువు రాదు. ఆ కాయితాన్ని బస్‌స్టాపులో ఎవరితోనో చదివించుకుని, ‘ప్రతివాది అంటే నేనేనా?’ అని రెండుసార్లు అడిగాడట. మర్నాడే నడవ నాకు వదిలేశాడు, దాంతోపాటు నన్నూ వదిలేశాడు. ఇంటిని విప్పించినప్పుడు వచ్చిన టేకు దూలాలు, వాసాలు అన్నీ నా ఆకిట్లోనే పేర్చుకున్నాను. కేసు గెలిచానని హోటల్లో అందరికీ టీ చెప్పాను.

అన్న కొడుకు పాండు. చిన్నప్పుడు సగం రోజులు మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకున్నవాడు. వాడికి ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం వచ్చిందని కూడా నేను హోటల్లోనే విన్నాను. లోపల పని చేయాలంటే పాసు కావాలి. పాసు రావాలంటే ఈ మనిషి మీద ఏ కేసూ లేదని పోలీసులు రాసివ్వాలి. ఆ కాయితం స్టేషన్‌కు వచ్చిందని, అది తిరిగి వెళ్లడమే ఆలస్యమని వీరేందర్ చెప్పాడు. చిన్నాయనను కదా, సంతోషించాను. మాటలు లేవు కదా, లోపల్లోపలే సంతోషించాను.

ఇంతలో కాముని పున్నమి దగ్గరికి వచ్చింది. ఆ రోజులలో మా దగ్గర పోరగాళ్లు కాముణ్ణి కాల్చడానికి ఊరంతా తిరిగి కట్టెలు పోగుచేస్తారు. అడిగితే ఇచ్చినవి కొన్ని, అడగకుండా గుంజుకుపోయినవి ఎక్కువ. విరిగిన మంచం, చెదలు పట్టిన తలుపు, దడికి పాతిన గుంజ, ఏది దొరికితే అది. కట్టెలు పోయినవాళ్లు నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవాలే తప్ప దొంగతనం అనకూడదు. నా ఆకిట్లో మాత్రం మూడేళ్లుగా ఒక్క పుల్ల కదలలేదు. ఊరంతా నా చట్టానికి భయపడిందని గర్వంగా ఉండేది.

“ఈసారి నీ దూలాల దిక్కు సూస్తుండ్రన్నా పోరగాళ్లు” అన్నాడు వీరేందర్, టీ వడపోస్తూ. ఆట పట్టించడానికే అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

“సూడనియ్యి. పొద్దుగూకినంక ఇంట్ల జొరబడ్డోన్ని సంపొచ్చు. చట్టమే చెప్పింది” అన్నాను.

“కట్టెకు సంపుతవా?”

“కట్టెకు గాదు. జొరబడ్డందుకు.”

“ఆకిట్లకు దూకితె ఇంట్ల జొరబడ్డట్టేనా అన్నా?”

చాలా మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియదు. “అది పెద్ద కోర్టుల తేలాలె” అని టీ ఊదుకున్నాను.

“అంత పరేషాన్ ఎందుకే? భయమైతే లోపట తలుపేస్కో రాదు?”

“భయమా? నాకా?” అని గ్లాసు బల్ల మీద కొట్టినంత పని చేశాను. “భయమున్నోడు తలుపేస్కుంటడు. హక్కున్నోడు కర్ర పడ్తడు!”

హోటల్లో ఉన్నవాళ్లంతా విన్నారు. వినాలనే అన్నాను. ఆ ఆదివారమే షాద్‌నగర్ పోయి అంగడిలో మంచి వెదురు కర్ర కొన్నాను. కింద ఇనుప పొన్ను వేయించాను. అది చూసి శోభ కడుపు పట్టుకుని నవ్వింది. “కాముని కట్టెలకు కావలి కూసున్న మొగోన్ని ఊర్ల ఎన్నడన్న జూసినమా? ఒక్క వాసం పోతే పోనియ్యి, దేవునికే గదా” అంది.

పున్నమి నాటి సాయంత్రం శోభ దీపం పెట్టడానికి లోపలికి పోయింది. నేను ఆకిట్లో కుర్చీ వేసుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చెప్పుకుంటే సిగ్గు. మర్నాడు హోటల్లో ఈ సంగతి ఎలా చెప్పాలో కూడా వరస పెట్టుకుంటున్నాను. ‘నేను ఆగుమన్న, వాడు ఆగలె, మీదికి ఉరికొచ్చిండు’ అని ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ కుదిరాయి. దొంగ ఇంకా రాలేదు, కథ మాత్రం తయారైంది.

విమానం ఒకటి ఇళ్ల మీదుగా దిగుతూ పోయింది. ఆ మోతలో గోడ దూకిన చప్పుడు వినపడలేదు. తల తిప్పేసరికి వాసాల దగ్గర ఒకడు వంగి ఉన్నాడు. వీపు నా వైపు ఉంది. రెండు చేతులతో ఒక వాసాన్ని గుంజుతున్నాడు. గోడ మీద మరో ఇద్దరు కూర్చుని నవ్వాపుకుంటున్నారు. పొద్దు అప్పుడే గూకింది, ఇంకా వెలుతురుంది. ఇదంతా నాకు బాగా కనిపించింది.

అప్పుడు ‘ఎవడ్రా’ అని అరవాలి. లా చదివినవాడైనా చదవనివాడైనా మొదట చేసే పని అది. అరిస్తే వాడు పారిపోయేవాడు. పారిపోతే నా హక్కు ఏం కావాలి? చప్పుడు కాకుండా లేచాను. దగ్గరికి పోయి కర్ర ఎత్తి తలకు గురిపెట్టాను. వాడు అలికిడికి తిరిగాడు. “చిన్నా...” అన్నాడు. తక్కిన మాట నోట్లో ఉండగానే చెయ్యి తలకు అడ్డం పెట్టాడు. కర్ర ఆ చేతి మీద పడింది.

విరిగింది కర్రేమో అనుకున్నాను. కర్రకు ఏమీ కాలేదు. పాండు వాసాల మీద కూలబడి, వేలాడుతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, అరవకుండా పళ్లు బిగించుకున్నాడు. గోడ మీది ఇద్దరూ మా అన్నను పిలవడానికి ఉరికారు. శోభ లోపలి నుంచి వచ్చి, ఒక్క చూపు నా వైపు చూసి, తువ్వాలతో వాడి చేతిని మెడకు కట్టింది. మా కిరాయి గదిలో ఉండే పిల్లవాడెవడో ఆటో తెచ్చాడు. నేను ఎక్కబోతే శోభ “నువ్వాగు” అంది. ఆగాను, కానీ ఉండబట్టలేక ఇంకో ఆటోలో వెనకాలే పోయాను.

దవాఖానలో డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాడు. ముంజేతి ఎముక రెండు ముక్కలు. “ఈ చెయ్యి అడ్డం రాకపోతే తల పగిలేది, అప్పుడు నా దగ్గరికి కాదు తెచ్చేది” అన్నాడు. నేను వరండాలో గోడకు ఆనుకున్నాను. ప్రాణం తీసే దెబ్బ అంటే మనిషి చచ్చాక తేలేది అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. కాదు. ఎక్కడ కొడుతున్నామో, దేనితో కొడుతున్నామో, కర్ర లేపేటప్పుడే తేలిపోతుంది. పాండు బతికి ఉన్నాడు, నేను కొట్టింది మాత్రం చంపే దెబ్బే. ఆ ఆకిట్లో ఆత్మరక్షణ హక్కును వాడుకున్నవాడు ఒక్కడే, చెయ్యి అడ్డం పెట్టినవాడు. ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్ల కాలేజీ, ఒక ఎముక పట్టాయి.

అన్న పరుగున వచ్చాడు. తొందరలో ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పాండు చెప్పు వేసుకుని ఉన్నాడు. వెనకే వదిన కొండమ్మ. ఇద్దరూ నన్ను దాటుకుని లోపలికి పోయారు. తిట్టలేదు, కొట్టలేదు, చూడలేదు. ఇలాంటి దెబ్బలు వస్తే డాక్టర్లు స్టేషన్‌కు కబురు చేస్తారు. కాసేపటికి కానిస్టేబులు వచ్చి లోపల ఏదో రాసుకుని, బయటికొచ్చి నా పేరు అడిగాడు. రేపు పొద్దున పదింటికి స్టేషన్‌కు రమ్మన్నాడు.

పొద్దున్నే మల్లేశ్వర్ మా ఇంటికి వచ్చాడు. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు. మూడో ఏడు కూడా చదివాడు కాబట్టి ఇప్పుడు రాజేంద్రనగర్ కోర్టులో నిజం వకీలు. జరిగిందంతా విని తల అడ్డంగా ఊపాడు.

“ఆకిలి ఇల్లు గాదు గోవర్ధన్. బయట పేర్చిన కట్టె గుంజితే అది ఉత్త దొంగతనం. దొంగతనం ఆపెటందుకు ఎంత కావాల్నో అంతే కొట్టాలె. సంపే దెబ్బ కొట్టాలంటే, వాడు నిన్ను సంపుతడనో, కాలో చెయ్యో ఇరగ్గొడ్తడనో నీకు భయం కావాలె. ఆ భయానికి ఒక కారణం గూడ ఉండాలె. ఇగ చట్టమంత ఆ భయం మీద్నే నిలవడ్డది.”

“నాకు భయం కాలె గదరా.”

“అయ్యింది. నీకు యాదికి లేదు” అని సంచిలోంచి కాయితాలు తీశాడు. “అన్నతోని నాలుగేండ్ల పగ. అన్న కొడుకు పొద్దుగూకినంక గోడ దూకిండు. చేతిల రాడ్డున్నది. ఇంతకన్న మంచి భయం ఎక్కడ దొరుకుతది?”

“రాడ్డు గాదురా, వాసం.”

“నీ కండ్లకు రాడ్డు లెక్క కనవడ్డది. ఆళ్లు నీ మీద కేసు పెట్టకముందే నువ్వు ఆళ్ల మీద పెట్టు. రెండు దిక్కుల కేసులుంటే ఇద్దరూ రాజీకొస్తరు. మనకాడ గదే గదా పద్ధతి.”

నిజం చెప్పాలి. వాడు రాస్తుంటే నాకు కొంచెం ఉత్సాహంగానే ఉంది. ఇన్నేళ్లూ నోటితో చెప్పిన సెక్షను కిందికి చివరికి నా పేరు వచ్చింది. కాయితం మీద నేను చాలా బాగున్నాను. ఒంటరిగా ఇంటిని కాపాడుకుంటున్న మనిషిని, ప్రాణభయంతో వణికిన మనిషిని. ‘భయమా? నాకా?’ అని హోటల్లో అరిచినవాడు ఆ కాయితంలో ఎక్కడా లేడు.

టీ గ్లాసులు తీయడానికి వచ్చిన శోభ అక్కడే నిలబడింది. “పాండు మీద కేసైతే వాని ఎయిర్‌పోర్టు పాసు ఏమైతది?” అని మల్లేశ్వర్‌ను అడిగింది.

“రాదక్కా. అందుకే రాజీకి జల్దీ వస్తరు.”

“ఆ లోపట ఉద్యోగం ఇంకొకనికి పోతది.”

“పోవచ్చు” అన్నాడు వాడు. మంచివాడే. కోర్టులో ఉండి ఉండి అలా అయ్యాడు.

శోభ నా వైపు తిరిగింది. “నువ్వు భయపడ్డనని సంతకం పెట్టేది ఎవల్ని జూసి? మన ఇంట్ల పెరిగిన పోరన్ని జూసా?” అంది. నేను కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సంతకం పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు. అది నా పద్ధతి.

స్టేషన్‌లో బల్ల మీద అన్న, పాండు కూర్చుని ఉన్నారు. పాండు చేతికి మోచేయి దాటి కట్టు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు, అలవాటుగా. అన్న వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. నేను తెచ్చిన కర్రను ఎస్సై టేబులు పక్కన నిలబెట్టాను. ఎస్సై దాని పొన్నును కాసేపు చూశాడు.

“నీ వకీలు ఫోన్ జేసిండు. కంప్లైంటు ఇస్తవంట. వీడు దొంగతనానికి దూకిండు, నువ్వు పానం కోసం భయపడి కొట్టినవు. అంతేనా?”

టేబులు మీద ఫైళ్ల పక్కన ఒక కాయితం విడిగా ఉంది. పాండు ఫోటో అంటించి ఉంది. అది ఏ కాయితమో అడగనక్కరలేదు. నేను ‘అవును’ అంటే చాలు, ఆ ఫోటో పక్కన ఏం రాయాలో ఎస్సైకి తెలుసు. ‘కాదు’ అంటే ఏమవుతుందో నాకు తెలుసు. తలకు గురిపెట్టి ఇనుప పొన్ను కర్రతో కొట్టినవాడికి ఎన్నేళ్లు పడొచ్చో లెక్కవేయగలిగేంత లా అయితే చదివాను. నాకు జైలంటే భయం. నిన్నటి నుంచి నాకు వేసిన మొదటి భయం అదే. కొడుకు చెయ్యి విరిగినా, తమ్ముడు ఆ కొడుకునే దొంగ అని రాసిపెడుతున్నా ఆ బల్ల మీద మనిషి ఒక్క మాట అనడం లేదు. అన్న నోరు విప్పి నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే, ఏమో, సంతకం పెట్టేసేవాణ్ణేమో.

“లేదు సార్” అన్నాను. “భయం కాలె.”

“ఏంది?”

“వాని చేతిల ఏం లేకుండె, వాసం దప్ప. వీపు నా దిక్కుండె. ఒక్క కేక ఏస్తే ఉరుకుతుండె, నేనే ఎయ్యలె. హోటల్ల గొప్పలు చెప్పిన సార్, అది నిజం జేసుకుందామని కొట్టిన. తలకే కొట్టిన. చెయ్యి అడ్డం పెట్టిండు గనుక బతికిండు.” ఆగితే మళ్లీ చెప్పలేనని, ఊపిరి పీల్చకుండా ఇంకొక్కటి కూడా చెప్పేశాను. “కర్ర పడకముందే చిన్నా అన్నడు. ఇన్న. ఇన్నంక గూడ కర్ర ఆపలె.”

ఆపలేకపోయానో, ఆపలేదో నాకే తెలియదు. తెలియనప్పుడు నాకు అనుకూలంగా చెప్పుకోవడం నా అలవాటు. ఆ రోజు ఒక్కసారికి మానుకున్నాను.

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. “నా సర్వీసుల గిట్లాంటిది సూడలె. ఈ పోరడేమో దవాఖానల గోడ మీదికెల్లి పడ్డ, ఎవ్వలు కొట్టలె అని రాయిచ్చిండు. నువ్వేమో తలకే కొట్టిన అంటున్నవు. ఎవన్ని నమ్మాలె?”

పాండు వైపు చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. విరిగిన చెయ్యి నొప్పి పెడుతుండగా, మంచం మీద పడుకుని, ఈ చిన్నాయన కోసం వాడు అబద్ధం వెతుక్కున్నాడు. ఆ సమయంలో నేను వరండాలో నేను కొట్టింది ఏ సెక్షను కిందికి వస్తుందా అని మనసులో తిరగేస్తున్నాను.

గోడ మీది నుంచి పడితే అలా విరగదని డాక్టరు రాసిచ్చాడు కాబట్టి ఎస్సై నా మాటే రాసుకున్నాడు. ఎముక విరిగేలా కొట్టినందుకు నా మీద కేసు. పిలిచినప్పుడల్లా రావాలని చేతిలో నోటీసు పెట్టాడు. నల్లకోటు వేసుకుని ఎక్కాలనుకున్న కోర్టు మెట్లు, చివరికి ముద్దాయిగా ఎక్కబోతున్నాను. జేబులోని మల్లేశ్వర్ కాయితం అక్కడే చింపేశాను. ఎస్సై పాండు ఫోటో ఉన్న కాయితాన్ని ముందుకు లాక్కుని, “నీ మీద ఏం లేదురా, పో” అని సంతకం చేశాడు.

బయటికి వచ్చాక స్టేషన్ మెట్ల కింద అన్న ఆగాడు. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. చెంప మీద కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

“కొట్టు అన్నా” అన్నాను.

“నిన్నెందుకు కొట్టుడురా” అన్నాడు అన్న. నాలుగేళ్ల తర్వాత నాతో ఆడిన మొదటి మాట. గొంతు కొంచెం ముసలిదైంది. “వాన్ని పంపింది నేను.”

“నా ఇంటికా?” అన్నాను.

“పోరగాళ్లు కట్టెలకు తిరుగుతుండ్రు గదా. గోవర్ధనన్న ఇంటికి మాత్రం పోవద్దు, ఆయన మనోడు గాదు, కేసు పెడ్తడు అనుకుంటుండ్రు. మూడేండ్ల సంది నీ ఆకిలి ఇడిసిపెట్టిండ్రు. కాముని కట్టెలు మనోళ్లు అనుకున్న ఇంట్లకెల్లే గదరా గుంజేది? నా తమ్ముని ఇల్లు ఊర్ల లెక్కకు లేకుంట పాయె అని నాకు పానం గుంజింది.” అన్న ఆగి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. “నేనే పాండును పొమ్మన్న. ఒక్క వాసం గుంజుకరా బిడ్డా, చిన్నాయన ఊకోడు, తిట్టుకుంట మనింటి దాకా వస్తడు, వస్తే మీ అమ్మ చాయ్ పోస్తది, గట్లన్న మాటలు గలుస్తయి అన్న.”

ఇలా ఒకణ్ణి గోడ దూకమని పంపడాన్ని చట్టంలో పురికొల్పడం అంటారు, దానికీ శిక్ష ఉంది. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. నా నోరు అలాంటిది. దాన్ని మింగేసరికి ఏడుపు వచ్చింది. నడిరోడ్డు మీద, బస్సులు పోతుండగా, వకీలు సాబ్ అనిపించుకునే నేను చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. మూడేళ్లుగా ఎవడూ నా గోడ దూకకపోతే నన్ను చూసి భయపడుతున్నారని మీసం మెలేశాను. దూకినవాడు ఒక్కడు. వాడు వచ్చింది నన్ను మనిషిని చేసి ఇంటికి పిలుచుకుపోవడానికి.

పాండే దగ్గరికి వచ్చాడు. “నడువు చిన్నాయనా. ఇంటికొచ్చి తిట్టు. ఈడ తిడ్తె అమ్మకు ఇనవడది” అన్నాడు.

ముగ్గురం ఆటోలో పోయాం. దారి పొడవునా ఏం తిట్టాలో ఆలోచించాను. ఒక్క తిట్టు దొరకలేదు. వదిన గుమ్మంలోనే ఉంది. నన్ను చూసి, పాండు కట్టు చూసి, మళ్లీ నన్ను చూసింది.

“ఇప్పుడు దొర్కిందారా తొవ్వ?” అంది. “రెండు సందులు దాటెటందుకు నా కొడుకు చెయ్యి ఇరగ్గొట్టాల్నా? నీ నోట్ల మన్ను వడ, నీ సదువుల మన్ను వడ...”

అలా మొదలుపెట్టి నోటీసు పంపిన రోజు నుంచి ఒక్క రోజూ వదలకుండా తిట్టింది. తిడుతూనే లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. వంటింట్లోంచి తిట్లు, గిన్నెల చప్పుడు కలిసి వినబడుతున్నాయి. అన్న నా పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. నేను ఒక్క మాటకూ అడ్డం చెప్పకుండా అన్నీ విన్నాను.